అమ్మానాన్నలతో యార్క్‌లో రెండు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు లండన్‌లోని హౌన్స్‌లోలో ఉంటున్నారు. జూన్‌లో విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. మీ దంపతులిద్దరూ, పదేళ్ళ బాబుతో కలిపి మొత్తం ఐదుగురు. నాన్నగారు లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌కి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేయొచ్చా, మీరు రాసిన పెద్ద జాబితాలో ఏవి కొట్టేయాలి అని అడిగారు.

ఒక రాత్రి అక్కడ ఉండండి. లండన్ నుంచి రైలు సుమారు రెండు గంటలే కాబట్టి ఒక్కరోజులో వెళ్ళి రావడం కుదురుతుంది. కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషిని పొద్దున ఆరింటికి లేపి, రాత్రి పదకొండింటికి ఇంటికి చేర్చే ప్రయాణంలో ఆవిడకు గుర్తుండేది అలసటే. పైగా యార్క్ బాగుండేది పగటిపూట వచ్చే జనం వెళ్ళిపోయాక. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. ఆ సాయంత్రం వదులుకుంటే సగం ఊరు చూడనట్టే.

నేను యార్క్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను, ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాను. మా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తీసుకెళ్ళేది నేనే. మన పెద్దవాళ్ళకు పాత రాళ్ళు కొత్త కాదు. శిథిలాలు, కోటలు, వెయ్యేళ్ళ గుళ్ళు చూసి పెరిగినవాళ్ళు. "ఇదిగో పాత చర్చి, ఇదిగో పాత వీధి" అని తిప్పితే మర్యాదకి తలూపి, బెంచీ ఎక్కడుందా అని చూస్తారు. అదే ఊరు ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకుందో ముందే చెప్పి తీసుకెళ్తే, వాళ్ళే ప్రశ్నలడుగుతారు. అందుకని ఈ కథ రైల్లోనే చెప్పేయండి.

క్రీ.శ. 71లో రోమన్ తొమ్మిదో లెజియన్ సైన్యం ఊజ్, ఫాస్ నదులు కలిసేచోట కోట కట్టింది. దాని పేరు ఎబొరాకమ్. సెప్టిమియస్ సెవెరస్ అనే రోమన్ చక్రవర్తి ఇక్కడినుంచే ఉత్తరాది యుద్ధాలు నడిపి, 211లో ఇక్కడే చనిపోయాడు. 306లో కాన్‌స్టాంటియస్ ఇక్కడే కన్నుమూస్తే, సైనికులు అతని కొడుకు కాన్‌స్టాంటైన్‌ను ఇక్కడే చక్రవర్తిగా ప్రకటించారు. రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవానికి అధికార అండ దొరికింది ఇతని కాలంలోనే. 866లో స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు ఊరిని పట్టుకున్నారు, పేరు యోర్విక్ అయింది. ఆఖరి వైకింగు రాజు ఎరిక్ బ్లడ్‌యాక్స్‌ను 954లో తరిమేశారు. తర్వాత ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలుచుకున్న నార్మన్లు, మఠాలు, ఉన్ని వర్తకులు వచ్చారు. ఆపైన రైళ్ళు, చాక్లెట్ ఫ్యాక్టరీలు. ఇంతే కథ. ఇది తెలిస్తే ఊళ్ళో ఏ గోడ ముందు నిలబడినా అది ఎవరిదో పోల్చుకోవచ్చు.

ఇక నా లెక్కలో తప్పనిసరి చోట్లు మూడు: మిన్‌స్టర్ చర్చి, ఊరి ప్రాకారం, రైల్వే మ్యూజియం. బాబు కోసం నాలుగోది వైకింగ్ సెంటర్. మిగతావన్నీ దారిలో తగిలితే చూడండి, లేకపోతే లేదు.

మిన్‌స్టర్‌కి సగం రోజు ఇవ్వండి. చాలామంది ముప్పావు గంటలో బయటికొచ్చేస్తారు, టికెట్ మాత్రం ఖరీదైనదే. 627లో నార్తంబ్రియా రాజు ఎడ్విన్ బాప్తిస్మం కోసం ఇక్కడ చిన్న చెక్క చర్చి కట్టారు. ఇప్పుడు మనం చూసే రాతి కట్టడం 1220 ప్రాంతంలో మొదలై, 1472లో పూర్తయిందని ప్రకటించారు. రెండున్నర శతాబ్దాల పని. మొదలుపెట్టినవాళ్ళ మునిమనవల మునిమనవలు కూడా పూర్తవడం చూసి ఉండరు. మధ్యలో 1407లో నడిమి గోపురం కూలిపోతే మళ్ళీ కట్టారు.

లోపలికి వెళ్ళగానే నడిచిపోకుండా, ముందు అమ్మగారిని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, అందరూ పది నిమిషాలు పైకి చూడండి. తర్వాత మూడు కిటికీలు చూపించండి, మూడే చాలు.

మొదటిది తూర్పు కొసన ఉన్న పెద్ద కిటికీ. దాదాపు టెన్నిస్ కోర్టంత వెడల్పూ ఎత్తూ ఉన్న రంగుల గాజు. కోవెంట్రీకి చెందిన జాన్ థార్న్‌టన్ అనే గాజు పనివాడు 1405లో ఒప్పందం రాసుకుని మూడేళ్ళలో, 1408కల్లా పూర్తిచేశాడు. గడువులో ముగించినందుకు పది పౌండ్లు అదనంగా ఇచ్చారు. సృష్టి మొదలు ప్రళయం దాకా, బైబిల్ మొదటి పుస్తకం, చివరి పుస్తకం, రెండూ అందులోనే ఉన్నాయి. చదువు రాని జనానికి కథ చెప్పడానికి మన గుడి గోపురాల మీద శిల్పాలు చెక్కినట్టే, వీళ్ళు గాజు మీద గీశారు. బాబు కళ్ళు మంచివి కాబట్టి వాడి చేత ప్రళయం బొమ్మల్లోని ఏడు తలల మృగాన్ని వెతికించండి. 2008లో మొదలుపెట్టి పదేళ్ళపాటు ముక్క ముక్కా విప్పి శుభ్రంచేసి మళ్ళీ బిగించారు. అందుకే ఇప్పుడు ఇంత తేటగా కనిపిస్తోంది.

రెండోది ఉత్తరం వైపు 'ఫైవ్ సిస్టర్స్'. పక్కపక్కనే నిలబడ్డ ఐదు సన్నని పొడవాటి కిటికీలు, 1260 ప్రాంతానివి. వీటిలో బొమ్మలు లేవు, రంగులు తక్కువ, బూడిదరంగు గాజులో ఆకుల అల్లిక. లక్షకు పైగా గాజుముక్కలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న బ్రిటిష్ సామ్రాజ్యపు స్త్రీల స్మారకంగా 1925లో దీన్ని తిరిగి అంకితం చేశారు. పక్కనున్న ఓక్ చెక్క పలకల మీద వాళ్ళ పేర్లున్నాయి. నర్సులు, ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవాళ్ళు. అక్కడ కాసేపు ఆగండి. యుద్ధ స్మారకాల మీద ఆడవాళ్ళ పేర్లు ఇంతమందివి ఒక్కచోట కనిపించడం అరుదు.

మూడోది దక్షిణం వైపు గుండ్రటి గులాబీ కిటికీ. 1984 జూలై 9 తెల్లవారుజామున ఆ భాగం పైకప్పు అంటుకుంది. పిడుగు వల్లే అయి ఉంటుందని తేల్చారు. పైకప్పు కూలిపోయింది. కిటికీలోని సుమారు ఏడు వేల గాజుముక్కలు నలభై వేల చోట్ల బీటలువారాయి, అయినా ఊడి పడలేదు. అంతకుముందే సీసం పట్టీలు కొత్తవి వేసి ఉండటం దాన్ని కాపాడింది. 1988కి పైకప్పు మళ్ళీ కట్టారు. అప్పుడు బీబీసీ పిల్లల కార్యక్రమం ఒకటి పోటీ పెట్టి, పిల్లలు గీసిన ఆరు బొమ్మలను ఆ పైకప్పు దూలాలు కలిసేచోట చెక్కించింది. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టడం ఒకటి, తిమింగలాలను కాపాడటం ఇంకొకటి. ఎనిమిది వందలేళ్ళ గుడిలో పదేళ్ళ పిల్లల ఊహకు చోటిచ్చారు. మీవాడికి ఈ సంగతి చెప్పి, తలెత్తి వెతకమనండి.

తర్వాత చాప్టర్ హౌస్, అంటే చర్చి గురువులు సమావేశమయ్యే గది. ఎనిమిది మూలల గది, నడుమ ఒక్క స్తంభం లేదు. బరువంతా పైన దాచిన చెక్క చట్రం మోస్తుంది. గోడ చుట్టూ చెక్కిన ముఖాలు చూడండి, నవ్వేవి, నాలుక బయటపెట్టేవి, ఏడ్చేవి. గుమ్మం దగ్గర లాటిన్‌లో ఒక వాక్యం ఉంది: పువ్వుల్లో గులాబీ ఎలాగో, ఇళ్ళలో ఈ ఇల్లు అలాగ అని.

నేలకింద ఉన్న మ్యూజియం మాత్రం వదలొద్దు. 1967లో నడిమి గోపురం పునాదులు కుంగుతున్నాయని, ఆలస్యంచేస్తే కూలిపోతుందని తేలింది. ఐదేళ్ళపాటు కింద తవ్వి, కాంక్రీటు పోసి, స్టీలు కడ్డీలతో బిగించారు. అలా తవ్వుతుంటే ముందు నార్మన్ల చర్చి పునాదులు, దానికింద రోమన్ సైన్యపు ప్రధాన కార్యాలయం, రంగులువేసిన రోమన్ గోడ పూత బయటపడ్డాయి. రోమన్లు కట్టిన మురుగు కాల్వ ఒకటి ఇంకా అక్కడే ఉంది. అంటే కాన్‌స్టాంటైన్ కాలంలో సైనికులు తిరిగిన నేల మీద ఈ చర్చి నిలబడి ఉంది. ఆ కాంక్రీటు, ఆ బోల్టులు కూడా దాచకుండా అలాగే చూపిస్తారు. నాన్నగారికి అవే ఎక్కువ నచ్చవచ్చు. బయటికొచ్చాక దక్షిణ ద్వారం పక్కన కాన్‌స్టాంటైన్ కంచు విగ్రహం, రోడ్డుకి అవతల ఒక రోమన్ స్తంభం కనిపిస్తాయి. ఆ స్తంభం కూడా ఈ తవ్వకాల్లో దొరికిందే.

గోపురం ఎక్కడానికి విడిగా టికెట్, 275 మెట్లు, ఇరుకైన సర్పిలం. అమ్మగారు, నాన్నగారు కింద ఉండాలి. ఎనిమిదేళ్ళు నిండని పిల్లల్ని ఎక్కనివ్వరు కాబట్టి మీవాడికి ఇబ్బంది లేదు. గుండెదడ, ఇరుకుచోటు భయం ఉంటే మీరూ మానేయండి. ఎక్కకపోయినా పెద్దగా పోగొట్టుకునేది లేదు.

ఇంకొక మాట. చాలా రోజులు సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఈవెన్‌సాంగ్ అనే పాట ప్రార్థన ఉంటుంది. దానికి టికెట్ అక్కర్లేదు, ఏ మతం వాళ్ళయినా వెళ్ళి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. ముప్పావు గంట. భజనకు కూర్చున్నట్టు అమ్మగారు కూర్చోగలరు, కాళ్ళకూ విశ్రాంతి. ఆరోజు గాయకులు ఉన్నారో లేదో ముందుగా వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆదివారమైతే పొద్దున ప్రార్థనలుంటాయి, సందర్శకులకు మధ్యాహ్నం నుంచే. అందుకే మీరు శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో వెళ్తే మేలు. బాబుకి బడి ఉంటుందంటే కనీసం ఆదివారం, సోమవారం చూడండి. శనివారం సాయంత్రాలు పెళ్ళికి ముందు పార్టీలు చేసుకునే గుంపులతో ఊరు గోలగా ఉంటుంది.

ప్రాకారం సంగతి. సుమారు 3.4 కిలోమీటర్లు, ఇంగ్లండ్‌లో ఏ ఊరికీ ఇంత పొడవైన మధ్యయుగపు గోడ మిగల్లేదు. ఉచితం. పొద్దున తెరిచి, చీకటిపడేవేళకు మూసేస్తారు. మన ఓరుగల్లు మట్టికోట చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రోమన్ల రాతిగోడ మీద వైకింగులు మట్టికట్ట పోశారు, ఆ కట్ట మీద పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో ఇప్పటి గోడ లేచింది. 1800లో ఊరి పాలకులే దీన్ని కూలగొట్టేద్దామనుకున్నారు, నిర్వహణ ఖర్చు ఎక్కువ, బళ్ళకు ఇరుకు అని. ఊరివాళ్ళు అడ్డుపడ్డారు. చిత్రకారుడు విలియం ఎట్టీ లాంటివాళ్ళు ఏళ్ళతరబడి పోరాడారు. కొన్ని భాగాలు పోయినా గోడ నిలిచింది.

మొత్తం తిరగక్కర్లేదు. బూతమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా నడవండి, ఇరవై నిమిషాలు చాలు. (బార్ అంటే ఇక్కడ కోటద్వారం, కంగారుపడకండి.) ఆ భాగం సరిగ్గా రోమన్ కోట హద్దు మీదే వెళ్తుంది, ఎడాపెడా తోటలు, నడిచినంతసేపూ మిన్‌స్టర్ పక్కనే ఉంటుంది. ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి, పైన కొన్నిచోట్ల లోపలివైపు పిట్టగోడ ఉండదు. కాబట్టి బాబు చెయ్యి పట్టుకోండి, అమ్మగారిని ఎక్కించొద్దు. ఆవిడ అంతసేపూ చర్చి వెనక డీన్స్ పార్క్ పచ్చికలో కూర్చోవచ్చు. మీరు ఆ పార్కు మీదుగానే వెళ్తారు, చెయ్యి ఊపవచ్చు. నన్నడిగితే సాయంత్రం ఏడు దాటాక నడవండి, ఎండ వాలి రాయి రంగు తేనెలా అవుతుంది.

ఓపికుంటే రెండోరోజు మికిల్‌గేట్ బార్ చూడండి. లండన్ నుంచి రాజులు వచ్చే ద్వారం అదే, రాజద్రోహులన్న ముద్రపడ్డవాళ్ళ తలలు వేలాడదీసిందీ అక్కడే. 1460లో యార్క్ డ్యూక్ రిచర్డ్ యుద్ధంలో చనిపోతే, ఆయన తలకు కాగితం కిరీటం పెట్టి సొంత ఊరి గుమ్మానికే తగిలించారని చెబుతారు. మరుసటేడు ఆయన కొడుకు ఎడ్వర్డ్ నిజమైన కిరీటం పెట్టుకున్నాడు.

అమ్మగారి కోసం ప్రాకారం దగ్గరి అనుభవం కావాలంటే మ్యూజియం గార్డెన్స్‌కి తీసుకెళ్ళండి. చదునైన దారి, బెంచీలు, ఉచితం. అక్కడ బహుభుజి బురుజు ఒకటుంది. కిందిభాగం రోమన్లది, చిన్నచిన్న రాళ్ళు, మధ్యలో ఎర్ర ఇటుక పట్టీ. పైభాగం మధ్యయుగానిది, పెద్ద రాళ్ళు. వెయ్యేళ్ళ తేడా ఉన్న రెండు కట్టుబడులు ఒకే గోడలో వేలుపెట్టి చూపించవచ్చు. ఆ పక్కనే సెయింట్ మేరీ మఠం శిథిలాలు. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు 1539లో ఇదీ మూతపడింది. దాని రాళ్ళు ఊళ్ళోవాళ్ళు ఎత్తుకుపోయారు.

రెండోరోజు పొద్దున నాన్నగారిది. నేషనల్ రైల్వే మ్యూజియం స్టేషన్ వెనకే ఉంది, ప్రవేశం ఉచితం. అయినా వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోండి. అక్కడ పనులు జరుగుతుంటాయి కాబట్టి ఏ హాలు తెరిచి ఉందో కూడా చూసుకోండి. గ్రేట్ హాల్ ఒకప్పుడు నిజమైన లోకో షెడ్. నడుమ ఇంజన్లను తిప్పే టర్న్‌టేబుల్, దాని చుట్టూ ఇంజన్లు నిలబడి ఉంటాయి. జీవితమంతా షెడ్డులో గడిపిన మనిషికి ఆ వాసన, ఆ అమరిక ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడ మలార్డ్ అనే నీలిరంగు ఆవిరి ఇంజన్ ఉంది. నైజెల్ గ్రెస్లీ రూపకల్పన. 1938 జూలై 3న జో డడ్డింగ్‌టన్ డ్రైవరుగా, టామీ బ్రే ఫైర్‌మన్‌గా గంటకు 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆవిరి ఇంజన్లలో ఈ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఆ పరుగు తీసింది స్టోక్ బ్యాంక్ అనే వాలు మీద. మీరు లండన్ నుంచి వచ్చే రైలు పీటర్‌బరో దాటి గ్రాంథమ్ చేరేలోపు సరిగ్గా ఆ పట్టాల దారినే వెళ్తుంది. నాన్నగారికి అక్కడ చెప్పండి, కిటికీ సీటు ఆయనకివ్వండి.

'ఎల్లర్‌మన్ లైన్స్' అనే ఇంజన్‌ను నిలువునా కోసి పెట్టారు. బాయిలరు, గొట్టాలు, సిలిండరు, పిస్టను అన్నీ లోపల ఎలా ఉంటాయో కనిపిస్తాయి. మీరు అక్కడ ఏమీ చెప్పకండి. తాతనీ మనవడినీ దాని ముందు వదిలేసి, మీరిద్దరూ అమ్మగారితో వెళ్ళి కాఫీ తాగండి. బ్రిటిష్ రైల్వే కట్టిన ఆఖరి ఆవిరి ఇంజన్ 'ఈవెనింగ్ స్టార్' 1960 నాటిది, అదీ ఇక్కడి సంపదే. జపాన్ బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ పెట్టె కూడా ఉంది, లోపలికెక్కి కూర్చోవచ్చు. విక్టోరియా రాణి ప్రయాణించిన పట్టుగుడ్డల రాజబోగీ అమ్మగారికి నచ్చుతుంది. ఇక్కడ రెండున్నర, మూడు గంటలు పడుతుంది. తొందరపెట్టకండి.

స్టేషన్ సంగతీ ఆయనకు చెప్పండి. మొదటి శాశ్వత స్టేషన్ 1841లో ప్రాకారం లోపలే కట్టారు, గోడకు కమానులు తొలిచి పట్టాలు వేశారు. కానీ అది రైలు ఆగి వెనక్కి మళ్ళాల్సిన స్టేషన్. లండన్ నుంచి ఉత్తరానికి పోయే ప్రతి రైలూ అక్కడ దిశ మార్చుకోవాలి. అందుకే 1877లో గోడకు బయట, వంపు తిరిగిన ఇనుప గాజు పైకప్పుతో ఇప్పటి స్టేషన్ కట్టారు. దిగగానే ప్లాట్‌ఫాం కొసన నిలబడి ఆ వంపు చూడండి. పాత స్టేషన్ ఇప్పుడు నగరపాలక కార్యాలయం.

బాబు కోసం యోర్విక్ వైకింగ్ సెంటర్. ముందుగా సమయం బుక్ చేసుకోకపోతే క్యూ పొడవుగా ఉంటుంది. 1976 నుంచి 1981 దాకా కాపర్‌గేట్ అనేచోట తవ్వితే, తడిబురదలో గాలి తగలక చెక్క ఇళ్ళు, తోలు చెప్పులు, ఉన్ని మేజోడు కూడా కుళ్ళకుండా దొరికాయి. నలభై వేల దాకా వస్తువులు. తవ్విన చోటే 1984లో ఈ కేంద్రం పెట్టారు. చిన్న బండిలో కూర్చోబెట్టి వైకింగు వీధిలో తిప్పుతారు, ఆనాటి వాసనలతో సహా. వెయ్యేళ్ళనాటి గట్టిపడిన మలం ఒకటి గాజుపెట్టెలో ఉంటుంది, పిల్లలందరూ మొదట వెతికేది దాన్నే. పెద్దవాళ్ళకు ఇది తప్పనిసరి కాదు. మీలో ఒకరు బాబుతో వెళ్ళండి.

అక్కడినుంచి ఐదు నిమిషాల్లో క్లిఫర్డ్స్ టవర్, ఎత్తైన దిబ్బ మీదున్న రాతి బురుజు. మెట్లు ఎక్కలేకపోయినా కింద నిలబడి ఆ దిబ్బని చూడండి, ఏం జరిగిందో తెలుసుకుని చూడండి. 1190 మార్చి 16న ఊరి యూదులు, సుమారు 150 మంది, అల్లరిమూకలకు భయపడి ఈ దిబ్బ మీదున్న చెక్క కోటలో తలదాచుకున్నారు. బయట మూక ముట్టడించింది. దారిలేక చాలామంది తమవాళ్ళను తామే చంపి ప్రాణాలు తీసుకున్నారు, బతకనిస్తామన్న మాట నమ్మి బయటికొచ్చినవాళ్ళనూ చంపేశారు. ఆ మూకకు ముందున్నవాళ్ళలో యూదులకు అప్పుపడ్డ దొరలున్నారు. చంపాక నేరుగా మిన్‌స్టర్‌కి వెళ్ళి, అక్కడ భద్రపరిచిన అప్పుపత్రాలు తగలబెట్టారు. ఇప్పుడు కనిపించే రాతి బురుజు తర్వాతి శతాబ్దంలో కట్టింది. కింద ఒక ఫలకం ఉంది. బాబుకి పదేళ్ళే అయినా, మీ మాటల్లో చెప్పగలిగినంత చెప్పండి. పొద్దున చూసిన ఆ అందమైన చర్చి కూడా ఈ కథలో ఉందని దాచకండి.

షాంబుల్స్ వీధికి మాత్రం మీ జాబితాలో ఇచ్చినంత సమయం ఇవ్వొద్దు. ఒకప్పటి కసాయి వీధి, పైఅంతస్తులు ముందుకు వంగి దాదాపు తాకుతుంటాయి, మాంసం పరిచిన వెడల్పు గట్లు ఇంకా కిటికీల కింద ఉన్నాయి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తే పావుగంటలో హాయిగా చూడవచ్చు. పదకొండు తర్వాత ఒకరి వీపు ఒకరు చూసుకోవడమే. రాళ్ళు పరిచిన నేల ఎగుడుదిగుడు, అమ్మగారికి మంచి అడుగున్న బూట్లు వేయించండి. అక్కడ మార్గరెట్ క్లిథరో స్మారక మందిరం చిన్న గది ఒకటుంది. కసాయి భార్య, నిషేధంలో ఉన్న కాథలిక్ మతగురువులను ఇంట్లో దాచింది. కోర్టులో నోరు విప్పితే పిల్లల చేత సాక్ష్యం చెప్పిస్తారని నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. 1586 మార్చి 25న బరువుల కింద నలిపి చంపారు. 1970లో సెయింట్‌గా ప్రకటించారు.

ఆ జనంలో గంట గడిపే బదులు గుడ్రమ్‌గేట్‌లో హోలీ ట్రినిటీ చర్చికి వెళ్ళండి. రెండు దుకాణాల మధ్య చిన్న కమాను, అందులోంచి లోపలికి. గతుకుల నేల, తలుపులున్న చెక్క పెట్టెల్లాంటి సీట్లు, 1470ల నాటి గాజు. ప్రవేశం ఉచితం, జనం ఉండరు. నాకు యార్క్‌లో మిన్‌స్టర్ తర్వాత అంత ఇష్టమైన చోటు ఇదే. ఇంకా ఓపికుంటే నార్త్ స్ట్రీట్‌లో ఆల్ సెయింట్స్ చర్చి. లోకం అంతమయ్యే ముందు పదిహేను రోజులు ఎలా ఉంటాయో రోజుకో బొమ్మగా గీసిన కిటికీ ఉంది అక్కడ. ఆ వీధిలోనే 1813లో జాన్ స్నో పుట్టాడు. లండన్‌లో కలరా నీటి పంపు ద్వారా వ్యాపిస్తోందని 1854లో రుజువుచేసిన డాక్టరు. నదీతీరంలో ఆయన గుర్తుగా చిన్న పంపు పెట్టారు.

తిండి దగ్గర జాగ్రత్త. యార్క్‌షైర్‌లో ఫిష్ అండ్ చిప్స్ దుకాణాలు చాలావరకు గొడ్డు కొవ్వులో వేయిస్తాయి, బంగాళదుంప చిప్స్ కూడా అందులోనే. దక్షిణ ఇంగ్లండ్‌లో అలవాటైనట్టు "చిప్సే కదా" అని అమ్మానాన్నలకు కొనివ్వకండి. నూనెలోనా, కొవ్వులోనా అని అడిగి కొనండి. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డుంటుంది, దాన్నీ తరచూ కొవ్వులోనే చేస్తారు. బెట్టీస్ టీ దుకాణం చూడ్డానికి బాగుంటుంది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమాన సైనికులు వజ్రపు మొనతో సంతకాలు గీసిన అద్దం ఒకటి అక్కడ భద్రంగా ఉంది. కానీ క్యూ పొడవు, కేకుల్లో గుడ్డు తప్పదు. మీరు టీ తాగండి, పెద్దవాళ్ళకు ఏది సరిపడుతుందో అడిగి తెప్పించండి. ఊళ్ళో ఇండియన్ రెస్టారెంట్లున్నాయి, రాత్రి భోజనం అక్కడ కానివ్వండి. మధ్యాహ్నానికి పులిహోర, చపాతీలు కట్టుకెళ్ళి మ్యూజియం గార్డెన్స్‌లో కూర్చుని తినడం అన్నిటికన్నా సుఖం, అక్కడ అందరూ అలాగే తింటారు. బాబుకి కిట్‌క్యాట్ కొనిచ్చి, ఇది పుట్టింది ఈ ఊరి రౌన్‌ట్రీ ఫ్యాక్టరీలోనని చెప్పండి. 1935లో వేరే పేరుతో వచ్చింది, 1937 నుంచి ఈ పేరు.

హోటల్ స్టేషన్‌కి, మిన్‌స్టర్‌కి మధ్య తీసుకోండి. ఆ రెంటికీ నడక పావుగంటే, నది మీద లెండల్ బ్రిడ్జి దాటితే చాలు. కారు వద్దు. ఊరి లోపల వీధులు ఇరుకు, పగలు చాలావరకు నడిచేవాళ్ళకే. అమ్మగారికి కష్టమైతే టాక్సీ పిలవండి, దూరాలు తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే.

రైలు టికెట్లు: మీకు పిక్కడిల్లీ లైన్ నేరుగా కింగ్స్ క్రాస్‌కి తీసుకెళ్తుంది, అక్కడినుంచి యార్క్‌కి మారకుండా రైలుంది. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ ఒకటి కొనండి. ఒకే కార్డు మీద నలుగురు పెద్దలు, నలుగురు పిల్లల దాకా వెళ్ళవచ్చు, పెద్దలకు మూడోవంతు, పిల్లలకు అరవై శాతం తగ్గింపు. మీ ఐదుగురికీ అది సరిగ్గా సరిపోతుంది, కనీసం ఒక పిల్లవాడు వెంట ఉండాలన్నదే నియమం. అమ్మానాన్నలు అరవై దాటినవాళ్ళయితే, వాళ్ళిద్దరే తిరిగే ప్రయాణాలకు సీనియర్ రైల్‌కార్డ్ వేరే తీసుకోవచ్చు. స్టేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు, బ్రిటన్ నివాసి కానక్కర్లేదు. అడ్వాన్స్ టికెట్లు వారాల ముందే తీసుకుంటే ధర సగానికి సగం తగ్గుతుంది, కాకపోతే ఆ రైలే ఎక్కాలి. తిరుగు ప్రయాణానికి సాయంత్రం ఐదు తర్వాతి రైలు పెట్టుకోండి, మ్యూజియంలో నాన్నగారిని గడియారం చూపించి లేపాల్సిన పని ఉండదు. తేదీలు ఖాయం చేసేముందు యార్క్ గుర్రప్పందేల రోజులు ఒకసారి చూసుకోండి. జూన్‌లో కూడా ఉంటాయి, ఆ రోజుల్లో హోటల్ గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది.